కొత్తగా బోరు చేసిన ఇంజిన్‌కి పరీక్ష నడిసముద్రంలోనా?

ఎడిటర్ గారికి నమస్కారం.

ఏటా జూన్ 15 వస్తే మీ పేపర్లో ఒక ఫొటో ఉంటుంది. విశాఖ ఫిషింగ్ హార్బర్ జెట్టీ, కొత్త రంగులేసిన బోట్లు, ముందు కొమ్ముకి పూలదండ, ఎవరో కొబ్బరికాయ కొడుతూ ఉంటారు, కింద 'వేటకు సిద్ధం' అని ఒక లైను. ఫొటో బాగానే ఉంటుంది, ఒకసారి నా బోటు కూడా పడింది, మా ఆవిడ కత్తిరించి బీరువాలో దాచింది. ఆ ఫొటోలో కనపడనిది ఇంజిన్ రూము. అందులో కొన్నిటికి బోరు చేసి, అంటే మొత్తం విప్పి అరిగిన భాగాలు మార్చి, రెండు రోజుల కిందటే బిగించిన ఇంజిన్ ఉంటుంది, లోడు మీద, అంటే గేర్ వేసి బరువు లాగుతూ, ఒక్క గంట కూడా తిరిగి ఉండదు. ఆ మాట రాద్దామని చాన్నాళ్లుగా అనుకుంటూనే ఉన్నాను, పోయినేడాది నాకే జరిగాక ఇక ఆగలేదు. ఉత్తరం కాస్త పెద్దదే. చోటు చాలకపోతే నా గోడు తీసేయండి గానీ ఆయిల్ సంగతి మాత్రం ఉంచండి.

మన తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, మొత్తం 61 రోజులు, మరబోట్లకు వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం, దాని మీద నాకేం పేచీ లేదు. బోటు ఒడ్డున ఉండేది ఆ రెండు నెలలే కాబట్టి చెక్క పని, రంగు, వలలు, ఇంజిన్ అన్నీ అప్పుడే చేయించుకోవాలి. నాకే కాదు, అందరికీ అప్పుడే. ఏప్రిల్‌లో తాపీగా తిరుగుతాం, మే నెలంతా డబ్బు సర్దుబాటుకి పోతుంది, జూన్ మొదటివారం వచ్చేసరికి లేత్ షాపు ముందు క్రాంక్ షాఫ్టులు వరసకట్టి ఉంటాయి. ఒక్క మేస్త్రీ ఏడెనిమిది బోట్లు ఒప్పుకుని ఉంటాడు. పొద్దున ఒక ఇంజిన్, మధ్యాహ్నం ఇంకోటి, రాత్రి లైటు పెట్టుకుని మరోటి. ఫోన్ చేస్తే 'వచ్చేస్తున్నా, దారిలో ఉన్నా' అంటాడు. ఏ దారిలోనో ఆ దేవుడికే తెలియాలి.

నాది ఆరు సిలిండర్ల ఇంజిన్, పోయినేడాది బోరుకి వచ్చింది. క్రాంక్ గ్రైండింగ్ చేయించి, అరగదీసిన మేరకు సరిపోయే ఇరవై సైజు బేరింగులు వేయించాను. లైనర్లు, పిస్టన్లు, రింగులు కొత్తవి. హెడ్డు వాల్వులు రుబ్బించాను. అన్నీ కలిపి రెండున్నర లక్షలు దాటింది. జూన్ 13 సాయంత్రం సెల్ఫ్ కొట్టగానే స్టార్టయింది, జెట్టీ మీద అందరం చప్పట్లు కొట్టాం. ఆయిల్ ప్రెషర్ గేజ్ నాలుగు కిలోలు చూపించింది. మేస్త్రీ గేజ్ మీద వేలితో కొట్టి 'ఇంకేటి కావాలి?' అన్నాడు. 15 తెల్లవారేదాకా జెట్టీకి కట్టేసే, స్లోలో గంటలు గంటలు తిప్పాం. రన్నింగ్ ఇన్ అయిపోయిందనుకున్నాం. అదెంత తెలివితక్కువ పనో తర్వాత తెలిసింది, ఆ సంగతి కింద రాస్తాను.

15 తెల్లవారుజామున ఐస్, డీజిల్, పన్నెండు రోజుల సరుకులు ఎక్కించి బోటు పంపించాను. డ్రైవర్ నా మేనల్లుడే. నాలుగు గంటలు పోయాక ఫుల్ రేస్ మీద, అంటే ఇంజిన్ పూర్తి వేగంతో తిరుగుతుండగా, గేజ్ మూడున్నర నుంచి రెండుకి పడింది, కాసేపటికి ఒకటికి వచ్చింది. రేస్ తగ్గిస్తే కొంచెం పైకి లేచింది. ఇంజిన్ ఆపి పావుగంట ఆగి మళ్లీ స్టార్ట్ చేస్తే ఏమీ జరగనట్టు మూడున్నర. అరగంట బాగానే నడిచి మళ్లీ అదే కథ. వాడు మూడుసార్లు చూసి, వీహెచ్ఎఫ్ రేడియో‌లో పక్క బోటుకి చెప్పి, ఇంజిన్ ఆపేశాడు. ఆ బోటు వాళ్లు తమ వేట మానుకుని తాడు కట్టి హార్బర్ దాకా లాక్కొచ్చారు. ఆ రుణం వేరే. నిషేధం ముగిసిన మొదటి రోజు రాత్రికల్లా నా బోటు తాడు మీద వెనక్కి వచ్చిందంటే జెట్టీ మీద నా పరువు ఎలా ఉండి ఉంటుందో మీరే ఊహించుకోండి. ఐస్ కరిగిపోయింది సరే, మనుషులు క్షేమంగా వచ్చారు, అంతే చాలనుకున్నాను.

మర్నాడు పొద్దున్నుంచి సలహాలు మొదలు. మేస్త్రీ వచ్చి చూసి 'గేజ్ పోయింది, మార్చేయండి' అన్నాడు. పక్క బోటాయన, 'ఆయిల్ పల్చనైంది బావా, చిక్కటిది, యాభై నంబర్ పోసెయ్, గేజ్ అదే లేస్తది' అన్నాడు. ఇంకొకాయన ఆయిల్ పంపు మార్చమన్నాడు, మరొకాయన పంపులో ప్రెషర్ ఎక్కువైతే తెరుచుకునే ప్రెషర్ వాల్వ్ స్ప్రింగు కింద ఒక వాషర్ వెయ్యమన్నాడు. ఎవరి మాట వినాలో తెలీక నాకు ఒకటే టెన్షన్.

మా వీధిలో ఒక పెద్దాయన ఉన్నారు, నేవీలో ఇంజిన్ రూములో చేసి రిటైరయ్యారు. పేరు రాయొద్దన్నారు కాబట్టి రాయను. ఆయన దగ్గరికి వెళితే ఇంజిన్ చూస్తానని కూడా అనలేదు, మా వాడిని కూర్చోబెట్టి ఒక్కటే అడిగారు. "ప్రెషర్ స్లోలో పడిందా, రేస్ పెంచితే పడిందా?"

మా వాడు జేబులోంచి స్కూల్ పిల్లల నోట్ పుస్తకం ఒకటి తీశాడు. గంట గంటకీ ఇంజిన్ రేస్ ఎంత, ఆయిల్ ఎంత, నీళ్ల వేడి ఎంత అని పెన్సిల్‌తో రాసుకున్నాడు. నేను చెప్పలేదు, వాడికే తోచింది. పెద్దాయన కళ్లద్దాలు సర్దుకుని చదివి, "బేరింగులు పోలేదయ్యా, ఊపిరి పీల్చేచోట ఏదో అడ్డం పడింది" అన్నారు.

ఆయన చెప్పింది నాకు అర్థమైనట్టు రాస్తున్నాను. బేరింగులు లూజుగా ఉంటే ఆయిల్ అక్కడి నుంచే కారిపోతుంది కాబట్టి ఇంజిన్ వేడెక్కాక, స్లోలో ఉన్నప్పుడు ప్రెషర్ బాగా తక్కువ చూపిస్తుంది, రేస్ పెంచితే పంపు ఎక్కువ తోడుతుంది కాబట్టి లేస్తుంది. అలా కాకుండా ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే చాంబర్‌లో ఆయిల్ పీల్చుకునే జాలీ మూసుకుపోతే కథ తిరగబడుతుంది. స్లోలో పంపుకి కావాల్సింది కొంచెమే, అది దొరుకుతుంది. రేస్ పెంచినప్పుడు చాలదు, ప్రెషర్ పడిపోతుంది. ఇంజిన్ ఆపితే జాలీకి అతుక్కున్న చెత్త వదిలి కిందికి జారుతుంది, అందుకే మళ్లీ స్టార్ట్ చేసినప్పుడు బాగుంటుంది. ప్రెషర్ వాల్వ్ కింద చిన్న ముక్కో ఇసుక రేణువో ఇరుక్కుని తెరుచుకునే ఉండిపోయిందనుకోండి, అప్పుడు ఏ రేస్‌లోనైనా తక్కువే. ఇంజిన్ విప్పకుండానే ఇంత తెలుస్తుంది, గేజ్ చూసినవాడు ఎప్పుడు చూశాడో రాసుకుని ఉంటే.

అయినా గేజ్‌ని నమ్మి ఇంజిన్ దించకూడదు. ముందు బ్లాకు మీద ఆయిల్ స్విచ్ ఉండేచోట అది తీసి, చేత్తో బిగించే వేరే గేజ్ ఒకటి పెట్టాం. అది కూడా అదే చూపించింది, కాబట్టి గేజ్ కేసు కొట్టేశాం. తర్వాత ఆయిల్ ఫిల్టర్ ఊడదీసి డబ్బాను చుట్టూ కోసి కాగితం మడతలు విప్పి ఎండలో పరిచాం. పెద్దాయన అయస్కాంతం పెట్టి చూశారు, వేలితో రుద్ది చూశారు. రాగి రంగు పొడి గానీ, వెండి పొరల్లాంటి ముక్కలు గానీ పెద్దగా లేవు. బేరింగు పోయి ఉంటే అవి ఉండేవట. దొరికింది ఎర్రటి రబ్బరు నలుసులు. ఆయన వాటిని వేళ్ల మధ్య నలిపి, "ఇదేంటో మీ మేస్త్రీని అడుగు" అన్నారు.

ఇక చాంబర్ దించక తప్పలేదు. రోడ్డు మీద లారీ అయితే కింద పడుకుని విప్పేస్తారు. బోటులో ఇంజిన్ బెడ్డు మీద కూర్చుని ఉంటుంది, చాంబర్ కిందికి చెయ్యి పట్టదు. గేర్ బాక్సు విడదీసి, పైపులు ఊడదీసి, చైన్ పుల్లీతో ఇంజిన్ మొత్తం పైకి లేపాలి. ఒక రోజంతా పట్టింది. చాంబర్ ఊడాక జాలీ చూస్తే నాకు నోట మాట రాలేదు. ఎర్ర పేస్ట్, ప్యాకింగ్ బిగించేటప్పుడు ట్యూబులోంచి పిండే పేస్ట్, సేమ్యాల్లాగా పొడుగు పొడుగు పోగులై జాలీ కంతలకి అల్లుకుపోయి ఉంది. బొటనవేలంత మేర తప్ప మిగతా జాలీ అంతా మూసుకుపోయింది. చాంబర్ అంచున బోల్టులు బిగించినప్పుడు ఎక్కువైన పేస్ట్ బయటికి ఎంత వస్తుందో లోపలికీ అంతే వస్తుంది. బయటిది గుడ్డతో తుడుస్తాం. లోపలిది ఎవరు తుడుస్తారు? వేడి ఆయిల్‌లో నాని తెగిపడి జాలీ దగ్గరికి చేరుతుంది.

మేస్త్రీని తిట్టబోయాను గానీ సగంలో ఆగిపోయాను. అంతకు ముందు ఏడాది చాంబర్ దగ్గర ఆయిల్ చెమర్చిందని ఇదే మనిషిని నలుగురిలో అరిచింది నేనే. ఈసారి బిగించేటప్పుడు పక్కన నిలబడి 'పేస్ట్ బాగా పెట్టు, చుక్క కారకూడదు' అన్నదీ నేనే. పెట్టాడు పాపం. మంచి ప్యాకింగ్ వేసి, రెండు వైపులా నూనె జిడ్డు లేకుండా తుడిచి, బియ్యపు గింజంత సన్నని గీతలా పెడితే చాలని ఇప్పుడు తెలిసింది. పది నిమిషాలు ఆగి బోల్టులు ఒక వరసలో బిగించాలట. ఆ పది నిమిషాలే జూన్ 13న ఎవరి దగ్గరా ఉండవు.

అదృష్టం కొద్దీ మా వాడు సమయానికి ఆపాడు కాబట్టి క్రాంక్ బతికింది. రెండు బేరింగు మూతలు విప్పి చూస్తే గీతలు తేలిగ్గా పడ్డాయి, అవి మార్చి, ఆయిల్ దారులన్నీ కిరోసిన్‌తో కడిగి గాలి కొట్టి బిగించాం. యాభై నంబర్ ఆయిల్ పోసి ఉంటే ఏమయ్యేదని అడిగాను. "మూసుకుపోయిన జాలీలోంచి చిక్కటి ఆయిల్ ఇంకా రాదు. గేజ్ సంగతి దేవుడెరుగు, క్రాంక్ పట్టేసేది" అన్నారు పెద్దాయన. స్ప్రింగు కింద వాషర్ అంటే ఇంకా నవ్వారు. జ్వరం వస్తే థర్మామీటర్ మీద ఐసు పెట్టడం లాంటిదట.

ఆ వారంలో మా జెట్టీ మీద ఇంకో రెండు బోట్ల ఇంజిన్లు కూడా ఆయన చేత చూపించాం, కాబట్టి నా అనుభవం ఒక్కటే కాకుండా అవీ రాస్తాను.

ఒక బోటులో డిప్ స్టిక్, అంటే ఆయిల్ మట్టం చూసే పుల్ల, లాగితే ఆయిల్ పాలు కలిపిన టీ రంగులో వచ్చింది. నీళ్లు కలిశాయని అందరికీ తెలిసిందే, ఎక్కడి నీళ్లన్నదే గొడవ. మేస్త్రీ హెడ్ ప్యాకింగ్ అన్నాడు, మళ్లీ హెడ్డు దించుదామన్నాడు. పెద్దాయన ముందు ఇంజిన్‌ని చల్లబరిచే మంచినీళ్ల ట్యాంకు మూత తీసి చూడమన్నారు. అందులో నీళ్లు తగ్గుతుంటే హెడ్ ప్యాకింగో, లైనర్ కింద ఉండే రబ్బరు రింగులో అనుమానించాలి. తగ్గకపోతే సముద్రపు నీళ్లు తిరిగేచోట, అంటే ఆయిల్ కూలర్ దగ్గర చూడాలి. ఆ బోటులో ట్యాంకు నిండుగానే ఉంది. ఇంజిన్ నడుస్తుండగా బయటికి నీళ్లు పోసే పైపు కింద సముద్రం మీద రంగురంగుల తెట్టు కనపడింది. కూలర్‌లో సన్నని పైపు చిల్లుపడింది. ఇంజిన్ నడిచేటప్పుడు ఆయిల్ ప్రెషర్ నీళ్ల కన్నా ఎక్కువ కాబట్టి ఆయిల్ నీళ్లలోకి పోతుంది, ఆపాక నీళ్లు మెల్లగా ఆయిల్‌లోకి వస్తాయి. ఇంజిన్ అంతా కొత్తది చేసి కూలర్ మాత్రం పాతదే బిగించారు, ఎవరూ దాన్ని ప్రెషర్ పెట్టి చూడలేదు. హెడ్డు దించి ఉంటే ఇంకో నాలుగు రోజులు, ఇంకో సెట్టు ప్యాకింగులు, సమస్య అక్కడే ఉండేది. ఉప్పునీళ్లు బేరింగుల్లో ఒక్క రాత్రి నిలబడినా తుప్పు మొదలవుతుంది కాబట్టి ఆయిల్ వెంటనే తీసేసి, మామూలు రకం ఆయిల్ పోసి కాసేపు తిప్పి, అదీ తీసేసి, మళ్లీ మంచిది పోశారు. ఖర్చే, కానీ క్రాంక్ కన్నా చవక.

లైనర్ రబ్బరు రింగుల సంగతి వచ్చింది కాబట్టి ఒక చిట్కా. లైనర్లు దింపాక చాంబర్ బిగించే ముందు బ్లాకులో నీళ్లు నింపి ఒక రాత్రి వదిలేసి పొద్దున కింద నుంచి టార్చి వేసి చూడాలి. రింగు మెలిపడి ఉంటే అక్కడ చెమ్మ కనపడుతుంది. ఒక రాత్రి ఖర్చు తప్ప రూపాయి ఖర్చు లేదు.

రెండో బోటు ఓనరు చాలా సంతోషంగా ఉన్నాడు. 'నాది కొత్త ఇంజిన్, చుక్క ఆయిల్ తాగట్లేదు, పైగా పెరుగుతోంది' అని. ఆయిల్ తనంతట తాను పెరగడం మంచి కబురు కాదండీ. నీళ్లైనా కలవాలి, డీజిలైనా కలవాలి. పెద్దాయన డిప్ స్టిక్ చివర నుంచి ఒక చుక్క పేపరు మీద వేశారు. మీ పేపరు మీదే, ఏమనుకోకండి. మధ్యలో నల్లటి మచ్చ, దాని చుట్టూ పలచగా ఒక వలయం బాగా దూరం పాకింది. పక్కనే కొత్త ఆయిల్ చుక్క వేస్తే అంత పాకలేదు. ముక్కు దగ్గర పెట్టుకుంటే డీజిల్ వాసన. డీజిల్ తోడే ఫీడ్ పంపులో డయాఫ్రం అనే పల్చటి పొర చిట్లి డీజిల్ నేరుగా చాంబర్లోకి దిగుతోంది. సిలిండర్లోకి డీజిల్ చిమ్మే నాజిల్ కారినా అదే జరుగుతుంది, కానీ అప్పుడు ఇంజిన్ పొగ కూడా చెడగొడుతుంది. డీజిల్ కలిసిన ఆయిల్ నీళ్లలా అయిపోయి బేరింగులకి పట్టు దొరకదు. కొత్త బేరింగులు వేసి ఇలా నడిపితే ఆ సీజన్ దాటదు.

డిప్ స్టిక్ కూడా మోసం చేస్తుందని నాకు ఈ వయసులో తెలిసింది. లారీలో ఇంజిన్ తిన్నగా కూర్చుంటుంది. బోటులో షాఫ్ట్ వాటం కోసం వెనక్కి వంచి బిగిస్తాం. కాబట్టి పుల్ల మీద గీతలు లారీకి సరిపోయినట్టు బోటుకి సరిపోవు. బోరు చేశాక పాత పుల్ల పోయి ఎక్కడిదో ఇంకో పుల్ల గుచ్చుతారు, అదింకా అన్యాయం. ఖాళీ చాంబర్లోకి కంపెనీ పుస్తకంలో చెప్పినన్ని లీటర్లు కొలిచి పోసి, ఫిల్టరు నిండేలా కాసేపు తిప్పి ఆపి, బోటు నిశ్చలంగా ఉన్నప్పుడు పుల్ల మీద కొత్త గీత రంపంతో మనమే గీసుకోవాలి. తక్కువుంటే అలల్లో బోటు ఊగినప్పుడు జాలీ గాలి పీలుస్తుంది, గేజ్ ముల్లు ఊగిసలాడుతుంది. 'ఎక్కువైతే ఏం పోయింది' అనుకునేవాళ్లకి ఇంకో మాట. క్రాంక్ వెళ్లి ఆయిల్‌లో తగిలి నురగ లేస్తుంది, నురగని పంపు తోడలేదు, ప్రెషర్ పడుతుంది, ఇంజిన్ లోపలి గాలి బయటికి పోయే బ్రీదర్‌లోంచి ఆయిల్ కక్కుతుంది.

స్టార్ట్ చేసే ముందు సంగతి ఒకటి మర్చిపోయాను. విప్పి బిగించిన ఆయిల్ పంపు పొడిగా ఉంటుంది, వెంటనే పీల్చలేదు. పంపు పళ్ల మధ్య పెట్రోలియం జెల్లీ పెట్టి, ఫిల్టరులో ఆయిల్ నింపి, డీజిల్ స్టాప్ లాగి ఉంచి గేజ్ ముల్లు కదిలేదాకా సెల్ఫ్‌తో తిప్పాలి, అదీ పది పదిహేను సెకన్ల చొప్పున ఆగి ఆగి. గేజ్ కదలకముందే రేస్ తొక్కారంటే మొదటి నిమిషంలోనే కొత్త బేరింగులు పోతాయి.

ఇప్పుడు పైన వాయిదా వేసిన సంగతి, నేను ఉత్తరం రాయడానికి అసలు కారణం. కొత్త రింగులు లైనర్ గోడకి ఒరుసుకుని కుదురుకోవాలి. అందుకే లైనర్ మీద సన్నటి అడ్డగీతలు గీసి ఉంటాయి. రింగులు ఆ గోడకి గట్టిగా నొక్కుకోవాలంటే సిలిండర్లో ప్రెషర్ ఉండాలి, అంటే ఇంజిన్ మీద లోడు ఉండాలి. జెట్టీకి కట్టేసి న్యూట్రల్‌లో, స్లోలో, రెండు రోజులు తిప్పితే రింగులు కుదురుకోవు సరికదా, లైనర్ గోడ మీద ఆయిల్ కాలి అద్దంలా పొర కడుతుంది. ఆ తర్వాత ఇక కుదురుకోవు. నీలం పొగ, ఆయిల్ తాగడం, బ్రీదర్‌లోంచి పొగ. 'కొత్తది కదా, మొదట్లో తాగుతుంది, అదే సర్దుకుంటుంది' అని మేస్త్రీలు అంటారు. మొదటి కొన్ని గంటలు నిజమే. వంద గంటల తర్వాత కూడా అలాగే తాగుతుంటే అది సర్దుకోదు. లైనర్లు మళ్లీ గీయించాలి, లేదా రింగులు తలకిందులుగా ఎక్కాయేమో చూడాలి. రింగు మీద 'టాప్' అని రాసున్న వైపు పైకి రావాలి, రాత్రి లైటు వెలుతురులో ఆ అక్షరాలు ఎవరికి కనపడతాయి?

సరైన పద్ధతి ఏంటంటే వేడెక్కగానే గేర్ వేసి, సగం నుంచి ముప్పావు లోడు మధ్య రేస్ మారుస్తూ నడపాలి. ఫుల్‌లో ఎక్కువసేపు వద్దు, స్లోలో ఎక్కువసేపు అసలే వద్దు. కంపెనీ పుస్తకాన్ని బట్టి మొదటి యాభై గంటల దగ్గరో, అంతకన్నా ముందో ఆయిల్, ఫిల్టరు మార్చేయాలి. లైనర్ గీతల పొడి, రింగుల పొడి, గ్రైండింగ్ చేసినచోట మిగిలిపోయిన మట్టి అన్నీ ఆ మొదటి ఆయిల్లోకే వస్తాయి.

ఇక్కడే మన బోట్ల లెక్క తప్పుతోంది. కారుకి యాభై గంటలంటే నెల. ట్రాక్టరుకి వారం పది రోజులు. మాకు? వేటకి వెళ్లిన ఇంజిన్ పగలూ రాత్రీ తిరుగుతుంది. 15 తెల్లవారుజామున బయలుదేరితే 17 పొద్దున్నకి యాభై గంటలు నిండిపోతాయి. అప్పటికి బోటు ఎక్కడుంటుంది? ఒడ్డు కనపడనంత దూరంలో, వల నీళ్లలో ఉండగా. అక్కడ మరుగుతున్న ఇంజిన్ ఆపి ఆయిల్ దించే కలాసీని నేను ఇంతవరకు చూడలేదు. పన్నెండో రోజు ఒడ్డుకి వచ్చేసరికి ఆ మొదటి ఆయిల్ మీదే మూడు వందల గంటలకు దగ్గరవుతుంది. ఏడాది మొత్తంలో అన్నింటికన్నా పొడుగైన వేట, నిషేధం ముగిశాక వెళ్లే మొదటిదే, ఎందుకంటే రేటు అప్పుడే ఉంటుంది. అన్నింటికన్నా పచ్చి ఇంజిన్ కూడా అప్పుడే. ఈ రెండూ ఒకే రోజున కలవడం ఏంటండీ?

పోనీ ముందే బిగించుకుని ఒక పూట సముద్రంలోకి వెళ్లి లోడు మీద చూసుకుందామా అంటే నిషేధం. వల లేకపోయినా ఆ రోజుల్లో మరబోటు కదిలితే అనుమానంగా చూస్తారు, చూడాలి కూడా, ట్రయల్ అని చెప్పి వేట చేసేవాళ్లూ ఉంటారు మనలో. అందుకని మత్స్యశాఖ వారిని నేను అడిగేది ఇది. నిషేధం చివరి వారం పది రోజుల్లో, వల, వలని తెరిచి ఉంచే తలుపులు, ఐసు ఏమీ లేకుండా, ముందే పేరు రాయించుకుని, పగటిపూట, హార్బర్ ముఖద్వారానికి ఇంత దూరం అని గీత గీసి, కొత్తగా బోరు చేసిన బోట్లకి ఇంజిన్ ట్రయల్‌కి ఒక ఏర్పాటు చేయండి. జెట్టీ దగ్గరే ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ చూసుకోవచ్చు. అది కుదరదంటే కనీసం జెట్టీలో ఒక చోట గట్టి కట్టుకొయ్యలు ఇవ్వండి, బోటుని ముందూ వెనకా బిగించి కట్టి గేర్ వేసి లోడు మీద తిప్పుకుంటాం. ఇప్పుడున్న చోట బోటు మీద బోటు ఆనించి కట్టుకుంటున్నాం, గేర్ వేస్తే పక్క బోటు కూడా లేచొస్తుంది.

రెండో కోరిక. మన విశాఖలోనే కేంద్ర ప్రభుత్వ మత్స్య శిక్షణ సంస్థ సిఫ్‌నెట్ ఉంది, ఫిషింగ్ బోట్ల మీద పనిచేసేవాళ్లకి, మెరైన్ ఫిట్టర్లకి అక్కడ శిక్షణ ఇస్తారు. చదువుకున్న కుర్రాళ్లకి అది మంచిదే. మా మేస్త్రీలు ముప్పై ఏళ్లుగా స్పానర్ పట్టినవాళ్లు, వాళ్లు క్లాసులో కూర్చోరు. ఏప్రిల్ చివర్లో, పని ఇంకా మొదలవకముందు, హార్బర్‌లోనే రెండు రోజులు ఒక పాత ఇంజిన్ విప్పి, పేస్ట్ ఎంత పెట్టాలి, ఫిల్టర్ కోసి ఏం చూడాలి, కూలర్‌ని గాలి పెట్టి ఎలా చూడాలి అని తెలుగులో చూపిస్తే వస్తారు. నా మేస్త్రీ వస్తాడు, హామీ నాది. బోట్ల సంఘాల వాళ్లు కూడా ఒక మంచి ప్రెషర్ గేజ్, ఒక కూలర్ టెస్టు పంపు కొని జెట్టీ మీద ఉంచితే అందరం వాడుకుంటాం. ఒక్కొక్క బోటుకి ఎంత పడుతుంది, ఐసు బ్లాకుల ఖర్చు కూడా కాదు.

మీ పేపరుకి కూడా ఒక మాట. జూన్ 15 ఫొటో వెయ్యండి, మాకూ ఇష్టమే. మే మొదటివారంలో ఒకసారి లేత్ షాపుల దగ్గరికి కూడా ఒక విలేకరిని పంపండి.

ఈ ఏడాది నా ఇంజిన్ బోరుకి రాలేదు. అయినా జూన్ 1కే ఆయిల్, ఫిల్టరు మార్చి పెట్టేశాను, మొదటి వేట నాలుగు రోజులకే కుదించాను. మా వాడి నోట్ పుస్తకం నిండిపోతే రెండోది కొనిచ్చాను. ఆ ఎర్ర పేస్ట్ పోగులు జాలీతో సహా ఒక గాజు సీసాలో వేసి ఇంజిన్ రూము మెట్ల దగ్గర వేలాడదీశాను. మేస్త్రీ దిగినప్పుడల్లా దాన్ని చూసి మొహం పక్కకి తిప్పుకుంటున్నాడు గానీ, మొన్న ఇంకో బోటులో చాంబర్ బిగిస్తూ ఎక్కువైన పేస్ట్‌ని లోపలి వైపు కూడా వేలితో తీసేయడం నేను దూరం నుంచి చూశాను.

ఇట్లు,
ఒక మరబోటు ఓనరు,
విశాఖపట్నం